రాత్రి రక్తం, పగటి రక్తం

కరెంటు ఎలా పుడుతుందో విజయపురి సౌత్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ మొదట్లో మూడు టర్బైన్లున్నాయి. ఒక్కోటి 30 మెగావాట్లు. కాలువకు నీళ్లు వదిలినన్నాళ్లూ తిరుగుతుంటాయి. ఆనకట్ట కోసం పుట్టిన ఊరు కదా, షిఫ్టులంటే ఏమిటో, రాత్రి డ్యూటీ దిగొచ్చి పట్టపగలు కిటికీలు మూసుకుని పడుకోవడమంటే ఏమిటో ఇక్కడ చాలా ఇళ్లకు తెలుసు. 1987లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే తగిన ఊరు లేదు. రాసింది రిచర్డ్ స్టీవెన్స్ అనే ఎపిడెమియాలజిస్టు. శీర్షిక చూడండి: విద్యుత్ వాడకం, రొమ్ము క్యాన్సర్!

పరిశ్రమలు పెరిగిన దేశాల్లోనే రొమ్ము క్యాన్సర్ అంత ఎక్కువ ఎందుకన్నది ఆయన ప్రశ్న. కాన్పులు, పాలివ్వడం, తిండి, బరువు అన్నీ లెక్కేసినా తేడా మొత్తం తేలడం లేదు. మిగిలినదాంట్లో కొంతయినా రాత్రిపూట వెలిగే దీపాల పని కావచ్చునా? దీపం వెలిగితే ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, అది తగ్గితే రొమ్ము కణాలకు పగ్గం వదులవుతుంది అని ఆయన ఊహ. కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాలను కూడా అప్పట్లో అనుమానించారు గానీ ఆ భాగం నిలబడలేదు. కాబట్టి పవర్‌హౌస్ పక్కన ఇల్లుందనో, డాబా మీదుగా హైటెన్షన్ లైను పోతోందనో ఎవరూ రొమ్ము క్యాన్సర్ బెంగ పెట్టుకోనక్కర్లేదు. వెలుతురు సంగతి మాత్రం నలభై ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

ఇప్పుడు ఈ మాట మన ఫోన్లలోకి వేరే రూపంలో వచ్చింది. 'మెలటోనిన్ క్యాన్సర్‌ను చంపుతుంది, రోజూ ఒక మాత్ర వేసుకోండి' అంటారు. ప్రయోగశాలలో మెలటోనిన్ రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించిన మాట నిజం. ఆ నిజం ఎలాంటిదో, గాజు పాత్రలోంచి ఎలుక ఒంట్లోకి, ఎలుక నుంచి మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగిలిందో చూస్తే, ఆ మాత్ర మాట అందులోంచి రాదని తెలుస్తుంది.

మెలటోనిన్‌ను కనిపెట్టింది ఒక చర్మవైద్యుడు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ 1958లో ఆవుల, ఎద్దుల మెదళ్లలోని పీనియల్ గ్రంథుల్లోంచి దాన్ని వేరుచేశాడు. కప్ప చర్మాన్ని లేతరంగులోకి మార్చే పదార్థమేదో ఆ గ్రంథిలో ఉందని తెలిసి, బొల్లి లాంటి చర్మవ్యాధులకు పనికొస్తుందేమోనని వెతికాడు. ఆ ఉపయోగం తేలలేదు. తేలిందల్లా ఇది రాత్రిపూట ఊరే హార్మోన్ అని.

మన మెదడు నడిమధ్యన బఠాణీ గింజకంటే చిన్నదిగా ఉంటుంది పీనియల్ గ్రంథి. తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్‌తో సెరటోనిన్, దాన్నుంచి మెలటోనిన్ తయారుచేస్తుంది. దానికి పగలో రేయో చెప్పాల్సింది కళ్లు. చూపుకు సంబంధం లేని ప్రత్యేక కణాలు కొన్ని రెటీనాలో ఉన్నాయి, ముఖ్యంగా నీలి వెలుతురును పసిగడతాయి. వాటి కబురు మెదడులోని గడియారానికి చేరుతుంది. అక్కణ్నుంచి వెన్నుపాములోకి దిగి, మెడలోని ఒక నాడీముడి దాకా వెళ్లి, మళ్లీ పైకి ఎక్కి పుర్రెలోని పీనియల్‌కు అందుతుంది. ఇంత చుట్టుదారి ఎందుకో గానీ, కంటి మీద తగినంత వెలుతురు పడినంతసేపూ ఆ గ్రంథి పని ఆగిపోతుంది. చీకటి పడ్డాక మొదలై, తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి వెళ్లి, పొద్దు పొడిచేసరికి అడుగంటుతుంది. పగటిపూట మిల్లీలీటరు రక్తంలో పది పికోగ్రాముల లోపు ఉండేది రాత్రికి అరవై డెబ్బై దాకా పోతుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లవ వంతు. అంత సూక్ష్మమైన లెక్కలు ఎందుకంటే, మాత్ర దగ్గరికొచ్చినప్పుడు పనికొస్తాయి.

ఇక కణాల కథ. 1978లో 'లాన్సెట్' పత్రికలో కోహెన్, ఆయన సహచరులు పీనియల్ గ్రంథికీ రొమ్ము క్యాన్సర్‌కూ లంకె ఉండొచ్చని రాశారు. ఆ మాటకు ప్రయోగంతో బలం తెచ్చింది ఆరిజోనా విశ్వవిద్యాలయంలోని స్టీవెన్ హిల్, డేవిడ్ బ్లాస్క్. వాళ్ల ఫలితాలు 1988లో వచ్చాయి. వాళ్లు వాడిన కణాల పేరు ఎంసీఎఫ్-7. అమెరికాలోని డెట్రాయిట్‌లో, మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో, ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన కణాలవి. ఆమె 1970లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. కణాలు మాత్రం ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఈస్ట్రోజన్ ఇస్తే చురుగ్గా పెరగడం వాటి లక్షణం. రొమ్ము క్యాన్సర్ మందుల గురించి మనకిప్పుడు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ సన్యాసిని పెట్టిన భిక్ష.

హిల్, బ్లాస్క్ ఆ కణాలను పెంచుతూ రకరకాల మోతాదుల్లో మెలటోనిన్ కలిపారు. రాత్రిపూట మన రక్తంలో ఉండేంత, లేదా దానికి దగ్గరి మోతాదులో కలిపినప్పుడు కణాల పెరుగుదల 60 నుంచి 78 శాతం దాకా తగ్గింది. మరీ పలుచన చేస్తే పనిచేయలేదు. అది ఎవరైనా ఊహించేదే. ఎక్కువ వేస్తే? అప్పుడూ పనిచేయలేదు! మిరప తోటకు తడి తక్కువైతే వాడుతుంది, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తగినంత అయితేనే కాపు. ఇదీ అలాంటి వ్యవహారమే. మందు ఎంత ఎక్కువైతే అంత గుణమనే లెక్క ఇక్కడ చెల్లలేదు.

కణం లోపల ఏం జరుగుతోందన్నది తర్వాతి ఇరవై ముప్ఫై ఏళ్లలో కొంచెం కొంచెంగా తెలిసింది. ఈస్ట్రోజన్ కణంలోకి వెళ్లి తన గ్రాహకాన్ని పట్టుకుంటుంది, ఆ జంట డీఎన్‌ఏ మీద కూర్చుని విభజనకు కావాల్సిన జన్యువులను మేల్కొలుపుతుంది. మెలటోనిన్ ఈస్ట్రోజన్‌తో నేరుగా పోట్లాడదు. దానికి కణం పైపొరలో ఎంటీ1 అనే సొంత గ్రాహకం ఉంది. అక్కడ అతుక్కుంటే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం తగ్గుతుంది, దాంతో ఈస్ట్రోజన్ గ్రాహకం జన్యువులను లేపే శక్తి సన్నగిల్లుతుంది. కణం చావదు, విభజనకు ముందున్న దశలో ఎక్కువసేపు ఆగుతుంది. అందుకే 'చంపుతుంది' అన్న ప్రచారం తప్పు. ఈ మోతాదులో అది చేసేది నెమ్మదింపజేయడమే. ఇంకో పని కూడా చేస్తున్నట్టు కనిపించింది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వు కణజాలంలో, అరోమటేజ్ అనే ఎంజైము చలవతో. ప్రయోగశాలలో మెలటోనిన్ ఆ ఎంజైమును కూడా తగ్గించింది.

మరి ఈస్ట్రోజన్ గ్రాహకం అసలు లేని క్యాన్సర్ల మాటేమిటి? మన దేశంలో రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 30 శాతం, ఈస్ట్రోజన్ గ్రాహకంతో సహా మూడు గ్రాహకాలూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం. ఆ కణాలను పాత్రలో పెంచి మెలటోనిన్ ఇస్తే, రక్తంలో ఉండే మోతాదుల్లో పెద్దగా లొంగవు. లొంగాయని చెప్పే వ్యాసాలు ఉన్నాయి. అయితే వాటిలో చాలావాటిలో వాడిన మోతాదు మన రాత్రి రక్తంలో ఉండేదానికి లక్షల రెట్లు. అంత మోతాదులో ఇంకా చాలా పదార్థాలు కణాలను ఆపగలవు. 'మెలటోనిన్‌తో క్యాన్సర్ కణాలు నశించాయి' అన్న వార్త కనిపిస్తే నేను ముందు చూసేది ఎంత వేశారన్నదే. వార్తలో అది సాధారణంగా ఉండదు.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 2005లో బ్లాస్క్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో చేసింది. ఆరోగ్యంగా ఉన్న, ఇంకా నెలసరి ఆగని స్త్రీలను పిలిచారు. వాళ్ల దగ్గర మూడుసార్లు రక్తం తీశారు. ఒకటి పగటిపూట. రెండోది రాత్రి చీకటిలో ఉన్నాక. మూడోది రాత్రే, కానీ గంటన్నర సేపు కళ్లు జిగేల్మనే తెల్లని దీపాల ముందు కూర్చోబెట్టాక. ఇటువైపు ఎలుకల్లో మనిషి రొమ్ము క్యాన్సర్ గడ్డలను పెంచి ఉంచారు. ఆ గడ్డల రక్తనాళాల్లోకి ఈ స్త్రీల రక్తాన్ని పంపారు.

చీకటి రాత్రి తీసిన రక్తం పారినప్పుడు గడ్డ చురుకు తగ్గింది. పగటి రక్తం పారితే పెరుగుదల జోరుగానే సాగింది. దీపాల ముందు కూర్చున్నాక తీసిన రాత్రి రక్తం అచ్చం పగటి రక్తంలాగే ప్రవర్తించింది. అదే మనిషి, అదే రాత్రి వేళ, మధ్యలో గంటన్నర వెలుతురు మాత్రమే తేడా. ఆ తేడా మెలటోనిన్‌దేనా అనే అనుమానాన్ని కూడా వదల్లేదు. వెలుతురు తగిలిన రక్తంలో రాత్రి ఉండాల్సినంత మెలటోనిన్ కలిపి పంపితే అణిచే గుణం తిరిగొచ్చింది. చీకటి రక్తంతోపాటు మెలటోనిన్ గ్రాహకాలను మూసేసే మందు కలిపి పంపితే ఆ గుణం పోయింది. రెండువైపులా తాళం వేసి చూసినట్టే.

ఇందులో వాడిన రొమ్ము గడ్డలు ఈస్ట్రోజన్ గ్రాహకం లేనివి కావడం విశేషం. గాజు పాత్రలో పెద్దగా లొంగని రకం ఒంట్లో ఎలా లొంగింది? గడ్డలు లినోలెయిక్ ఆమ్లం అనే కొవ్వును పీల్చుకుని, దాన్ని పెరుగుదల సంకేతంగా మార్చుకుంటాయి. మెలటోనిన్ ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంది. ఈ మాట చదవగానే సన్‌ఫ్లవర్ నూనె డబ్బా వైపు చూసేవాళ్లుంటారు, ఎందుకంటే ఆ నూనెలో సగానికి మించి ఉండేది ఈ ఆమ్లమే. కంగారేమీ వద్దు. మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో లినోలెయిక్ ఆమ్లం తినడానికీ రొమ్ము క్యాన్సర్‌కూ అలాంటి సంబంధం కనిపించలేదు.

హిల్ తర్వాత ట్యులేన్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడి బృందం 2014లో ఇంకో ఫలితం ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలను రాత్రిపూట 0.2 లక్స్ మసక వెలుతురులో ఉంచారు. గడ్డలు వేగంగా పెరిగాయి సరే, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మందుకు కూడా లొంగడం మానేశాయి. రాత్రిపూట మెలటోనిన్ ఇస్తే మందు మళ్లీ పనిచేసింది. 0.2 లక్స్ అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల. వేసవిలో ఆరుబయట నులకమంచాలేసుకుని వెన్నెల్లో పడుకున్న తరాలను తలుచుకుని దిగులు పడేరు! ఎలుక రాత్రి తిరిగే జంతువు, దాని మెలటోనిన్ అతి కొద్ది వెలుతురుకే పడిపోతుంది. మనది అంత సున్నితం కాదు. వెన్నెలకు ఏమీ కాదు. ఇంట్లో ట్యూబులైటు మాత్రం లెక్కలోకి వస్తుంది. పడుకునే ముందు కొన్ని గంటలు 200 లక్స్ లోపు మామూలు గది వెలుతురులో ఉన్నా, మెలటోనిన్ ఊరే వ్యవధి దాదాపు గంటన్నర కుదించుకుపోతుందని 2011లో తేలింది.

ఇక్కడిదాకా దారి సాఫీగానే ఉంది. మనుషుల లెక్కల్లోకి దిగాక గతుకులు మొదలవుతాయి. వెలుతురు అసలే తెలియని, పూర్తిగా చూపులేని స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ సగమే ఉందని 1991లో అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో కనిపించింది. 2001లో అక్కడి నర్సుల అధ్యయనం వచ్చింది. ముప్ఫై ఏళ్లకు మించి నైట్ డ్యూటీలు మార్చి మార్చి చేసినవాళ్లలో ముప్పు 36 శాతం ఎక్కువ. ఇలాంటివన్నీ చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో నిద్రా మెలకువల లయను చెడగొట్టే షిఫ్టు పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. రాత్రి షిఫ్టును 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. డెన్మార్క్ అయితే ఇరవై ఏళ్లకు పైగా నైట్ డ్యూటీలు చేసి రొమ్ము క్యాన్సర్ బారిన పడిన కొందరు స్త్రీలకు పరిహారం కూడా ఇచ్చింది.

కానీ 2016లో బ్రిటన్ శాస్త్రవేత్తలు తమ దేశపు మూడు పెద్ద అధ్యయనాలను మరో ఏడింటితో కలిపి, సుమారు 14 లక్షల మంది స్త్రీల సమాచారాన్ని లెక్కగట్టారు. నైట్ డ్యూటీలు చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా ఏమీ కనిపించలేదు. ముప్ఫై ఏళ్లు చేసినవాళ్లలోనూ అంతే. ఈ లెక్కలో వయసు మీద పడ్డవాళ్లు ఎక్కువమంది ఉన్నారని, చిన్న వయసులో రాత్రి డ్యూటీలు చేసినవాళ్ల ముప్పు ఇందులో బయటపడదని విమర్శ ఉంది. ఆ వాదన ఇంకా తెగలేదు. 'బహుశా' అనే ఆ వర్గంలోనే వేటమాంసం, గొడ్డుమాంసం లాంటివీ ఉన్నాయి. సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పే వర్గమది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు.

నా అంచనా అడిగితే, జీవశాస్త్రం నిజం, మనిషి దగ్గర దాని బలం చిన్నది. భారతదేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో దేశంలోకెల్లా ఎక్కువ రేటు హైదరాబాద్ జిల్లాది, లక్ష మంది స్త్రీలకు 48. ఆ పెరుగుదలకు కారణాలు వెతికితే ఆలస్యంగా మొదటి కాన్పు, తక్కువ పిల్లలు, పాలివ్వడం తగ్గడం, ఊబకాయం ముందు వరసలో నిలుస్తాయి. వీధి దీపం వెనక వరసలో ఎక్కడో ఉంటుంది.

అయినా రాత్రి పని సంగతి పట్టించుకోవాల్సిందే, ఎందుకంటే అది పెరుగుతోంది. పల్నాడులో మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు తెల్లారకముందే లేచినా రాత్రి తొందరగా నిద్రపోతారు. సిమెంటు ఫ్యాక్టరీలు, స్పిన్నింగ్ మిల్లులు, ఆసుపత్రుల్లో అలా కుదరదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా పనిలో పెట్టకూడదంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ నిబంధన సడలించాలని నిర్ణయించింది. సమ్మతి, రవాణా, భద్రత గురించి చర్చ జరిగింది. వరసగా ఎన్ని రాత్రులు వేయాలి, ఎన్నేళ్లు వేయాలి అన్నది కూడా ఆరోగ్య ప్రశ్నేనని యూనియన్లు అడగొచ్చు.

ఇక మాత్ర. మందుల షాపులో మెలటోనిన్ 3, 5, 10 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. రక్తంలో సహజంగా రాత్రి ఉండే స్థాయి తేవడానికి 0.3 మిల్లీగ్రాములు చాలు. 3 మిల్లీగ్రాములు వేసుకుంటే కాసేపు దానికి పది రెట్లు దాటిపోతుంది. హిల్, బ్లాస్క్ పాత్రలో ఎక్కువ మోతాదు ఏం చేసిందో ఇందాకే చూశాం. పైగా చికిత్స ముగించుకున్న, నెలసరి ఆగిన స్త్రీలకు నాలుగు నెలలపాటు 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఈస్ట్రోజన్ స్థాయి తగ్గలేదు, నిద్ర మాత్రం మెరుగైంది. కెనడాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ అయిన 709 మందిని రెండుగా విడదీసి ఒక గుంపుకు ఏడాదిపాటు రోజూ రాత్రి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టడంలో తేడా లేదని 2021లో ప్రకటించారు.

పాత్రలో పనిచేసింది మనిషిలో పనిచేయాలంటే ఏం కావాలో తెలుగువాళ్లకు తెలియంది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా తయారుచేసిన మందుల కుటుంబంలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన 1948లో పోయారు. ఆ మందును మరో రెండింటితో కలిపి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో బొనడోన్నా చూపించింది 1976లో. మందు పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్కగట్టాకే అది చికిత్స అయింది. మెలటోనిన్ రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ గడప దాటలేదు.

కాబట్టి చికిత్సలో ఉన్న తల్లి ఎవరైనా 'డాక్టరు గారూ, నిద్ర పట్టడం లేదు, మెలటోనిన్ వేసుకోనా?' అని అడగడంలో తప్పులేదు. వేసుకోమన్నా నిద్ర కోసమే వేసుకోమంటారు, గడ్డ కోసం కాదు. రక్తాన్ని పలుచన చేసే మందులు, మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇంకో విషయం, బీపీకి వాడే అటెనలాల్ లాంటి మాత్రలు రాత్రి మెలటోనిన్‌ను తగ్గిస్తాయి. నిద్ర చెడితే ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి గానీ బీపీ మాత్ర సొంతంగా ఆపకూడదు. బయాప్సీ రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' (ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్న రకం) అని ఉంటే రోజూ వేసుకోవాల్సిన టామాక్సిఫెన్ లాంటి మాత్ర ఐదేళ్లో పదేళ్లో ఉంటుంది. దాన్ని మధ్యలో మానేసి మెలటోనిన్ పట్టుకోవడమంత నష్టం ఇంకొకటి లేదు.

మాత్రల సంగతి అలా ఉంచితే, ముప్ఫై దాటిన ప్రతి స్త్రీకి ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో చూస్తారు, ఖర్చు లేదు. ఏ రోజున చేస్తున్నారో ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.